శుభలేఖలో వెళ్లిపోయిన కరపత్రం

మీరిప్పుడు పెళ్లికి పిలవాలంటే ఫోన్లో ఒక బొమ్మ పంపి, కింద రెండు చేతులు జోడించిన గుర్తు పెట్టి ఊరుకుంటారు. తప్పు కనబడితే చెరిపేసి ఇంకోటి పంపుతారు. మాకు ఆ వెసులుబాటు లేదు నాయనా. ఛత్తాబజార్‌లో కార్డు ఒకసారి ప్రెస్ గడప దాటిందంటే ఇంక దాని మీద మన పెత్తనం లేనట్టే. అక్కడ నేను ముప్పై నాలుగేళ్లు శుభలేఖలు కంపోజ్ చేశాను. మొదట సీసపు అక్షరాలు ఏరి పేర్చేవాణ్ని, తర్వాత కంప్యూటర్ ముందుకు మారాను. రెండుచోట్లా నడుము ఒకేలాగా నొప్పి పుట్టింది.

నాకు కోపం ఎక్కువ. దాచుకోవడం దేనికి, ఛత్తాబజార్ అంతా ఎరిగిన సంగతే. ప్రూఫ్ చదవకుండా సంతకం గీకేసి పోయే పార్టీని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ‘పెళ్లి మీదా, నాదా?’ అని మొహం మీదే అడిగేవాణ్ని. మా యజమాని భాయ్‌సాబ్ మెత్తటి మనిషి. నేను తరిమేసిన పార్టీలను ఆయన చాయ్ తాగించి వెనక్కి తెచ్చేవారు. అట్లా నడిచింది మా దుకాణం.

ఇంత నీలిగిన నేనే రిటైరయ్యే ముందు ఏడాది ఒక ఘోరమైన తప్పు చేశాను. అక్షరం తప్పు కాదు, అక్షరాలన్నీ సరిగ్గానే పడ్డాయి. కానీ నా తప్పు వల్ల ఒక తండ్రి తన కొడుక్కి ఇచ్చిన మాట తప్పినవాడయ్యాడు. ఆ కొడుకు పదేళ్లుగా నడిచిన దారి ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అది చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను.

ఆయన ఒక మధ్యాహ్నం వచ్చారు. అరవై దాటి ఉంటాయి. యాకుత్‌పురా స్టేషన్‌లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యానని, ఇల్లు మలక్‌పేటలో అని చెప్పారు. పట్టాలు మార్చి బండిని సరైన దారిలోకి పంపే ఉద్యోగం అది. మ్యాటర్ రాసిన కాగితం నా ముందు పెట్టి, “మస్తు జాగ్రత్తగ చెయ్యాలె పంతులూ. నా ఒక్కగానొక్క కొడుకుది,” అన్నారు.

“దాని ఫికర్ వద్దన్నా,” అని కాగితం అందుకున్నాను. అబ్బాయి పేరు, తండ్రి పేరు, స్వర్గస్థురాలైన తల్లి పేరు, తేదీ, సమయం, చర్చి పేరు ఉన్నాయి. పైనుంచి కిందికి రెండుసార్లు చూశాను. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“ఏందన్నా, ఆడపిల్ల తరఫు రాయనే రాయలే. పిల్ల పేరేంది?”

ఆయన నవ్వలేదు. “పిల్ల లేదు పంతులూ. గదే కదా నా లొల్లి,” అన్నారు.

అది గురుపట్టాభిషేకం కార్డు. ఆయన కొడుకు కేథలిక్ ఫాదర్ కాబోతున్నాడు. నాకేమో ఏమీ తెలియదు. మా గల్లీ చివర ఒక పాస్టర్‌గారు ఉండేవారు. ఆయన భార్యను అందరూ పాస్టరమ్మ అనేవాళ్లు, ముగ్గురు పిల్లలు. క్రైస్తవుల్లో అందరూ అంతే అనుకున్నాను. “వాల్లది వేరే సంఘం పంతులూ, మాది వేరే. మా ఫాదర్లకు పెండ్లి లేదు. బతికినన్ని దినాలు ఒంటిగనే,” అని ఆయన విడమరచి చెప్పారు.

పక్క బల్ల దగ్గర కాగితం కొలుస్తున్న భాయ్‌సాబ్ చెయ్యి ఆగిపోయింది. “అరె భాయ్, మా దాంట్ల మౌల్వీసాబ్‌కు పెండ్లి కాలేదంటె మొహల్లా మొత్తం కలిసి పిల్లను ఎతుకుతం. మీ దాంట్ల వద్దంటరా?” అన్నారు.

నాకు ఆ మాటతో మా ఇల్లు గుర్తొచ్చింది. మాది నాలుగు తరాలుగా పాతబస్తీలోనే గుడి సేవ చేసుకునే కుటుంబం. మా ఇంటి సంప్రదాయంలో దేవుడి కల్యాణం చేయించే మనిషికి పక్కన భార్య ఉండితీరాలి. మా అమ్మ పోయిన ఏడాది మా నాన్న హారతి పళ్లెం బాబాయి చేతికిచ్చి, ‘ఇంక నాకు అధికారం లేదురా’ అని అరుగు మీద కూర్చున్నాడు. ఆ మనిషి మొహం నేను మరిచిపోలేదు. మా దేవుడేమో భార్య లేకపోతే వద్దంటాడు, వాళ్ల దగ్గరేమో భార్య ఉంటే వద్దంటారు. ఇద్దరిలో ఎవరికి ఏం తెలుసో నాకు అంతుబట్టలేదు.

ప్రూఫ్ చూడటానికి రెండు రోజుల తర్వాత వచ్చినప్పుడు ఆయన ఇంకో మ్యాటర్ తెచ్చారు. ముత్యాల్లాంటి చేతిరాత, ఎనిమిది పేజీలు. పైన ‘గురువులకు పెళ్లి వద్దన్నది ఎవరు?’ అని రాసి ఉంది. మడతపెట్టే కరపత్రంగా వేయమన్నారు.

“కార్డు సైజుకు మడవాలె. పోస్టుల పంపేటందుకు అదే కవర్ల పట్టాలె. కార్డులెన్నో గివి గూడ అన్నే,” అన్నారు.

కంపోజ్ చేసేవాడు మామూలుగా అక్షరాలు చూస్తాడు గాని విషయం చదవడు. ఇది మాత్రం చదివాను. ఏసుప్రభువు శిష్యుల్లో పెద్దాయనకు పెళ్లయింది, అత్తగారికి జ్వరం వస్తే ప్రభువే నయం చేశాడని మొదలుపెట్టారు. మొదటి కొన్ని వందల ఏళ్లు చాలాచోట్ల ఫాదర్లకు భార్యాపిల్లలు ఉండేవారట. పెళ్లయినవాళ్లు కూడా భార్యకు దూరంగా ఉండాలని కొన్నిచోట్ల పెద్దలు తీర్మానాలు చేశారట. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట రోమ్‌లో సభ కూడి, ఫాదర్ చేసుకునే పెళ్లి అసలు పెళ్లే కాదని తేల్చేశారట. చర్చి భూములు ఫాదర్ల కొడుకుల పాలు కాకూడదన్నది కూడా ఒక కారణం అని రాశారు. తర్వాత అయిదారు వందల ఏళ్లకు కొందరు ఎదురు తిరిగి, వేరుపడి, పెళ్లిళ్లు చేసుకుంటే, వీళ్లు తమ నియమాన్ని ఇంకా గట్టిగా బిగించారు. మరి అదే పోపుగారి కింద ఉన్న తూర్పు దేశాల సంఘాల్లో కొన్నిటిలో పెళ్లయినవాడికి ఇప్పటికీ పట్టం ఇస్తారు. ఈ మధ్యనే ఎక్కడో పెద్ద అడవుల ప్రాంతంలో ఫాదర్లు సరిపోక, పెళ్లయిన పెద్దమనుషులకు పట్టం ఇద్దామని బిషప్‌లే అడిగితే రోమ్ ఒప్పుకోలేదు. కాబట్టి ఇది దేవుడు పెట్టినది కాదు, మనుషులు పెట్టుకున్న నియమం, మార్చుకోవచ్చు. ఇదీ ఆయన వాదన.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. తన వాదనకు అడ్డొచ్చేవి కూడా ఆయన పూసగుచ్చినట్టు రాశారు. ఎడారుల్లోకి వెళ్లి ఒంటరిగా బతికిన సాధువుల గురించి, మనసు రెండుగా చీలకుండా దేవుడికే ఇవ్వాలనుకున్న వాళ్ల గురించి, ప్రభువు కూడా పెళ్లి చేసుకోలేదన్న మాట గురించి ఒక పేజీ నిండా ఉంది.

“ఏందన్నా, నీకు ఎదురుగ ఉన్నది గూడ నువ్వే రాసినవ్?” అని అడిగాను.

“పాయింట్స్‌మన్‌ను పంతులూ. రెండు దిక్కుల పట్టాలు జూడకుంట బండిని ఇడిస్తె మనుషులు సస్తరు,” అన్నారు.

కరపత్రం చివరి పేరా ఆయన భార్య గురించి. ఆమె రెండేళ్లు మంచాన పడి, ఆరేళ్ల కిందట పోయింది. ‘ఆ రెండేళ్లలో నేను ఆమెకు తల దువ్వడం నేర్చుకున్నాను. నా పెళ్లిలో దేవుణ్ని నేను అక్కడ చూశాను. అది నా కొడుక్కి ఎందుకు వద్దనాలో నాకు ఎవరూ చెప్పలేకపోయారు’ అని రాశారు. అది కంపోజ్ చేస్తుంటే నా చేతులు రెండుసార్లు ఆగాయి. భాయ్‌సాబ్‌కు చదివి వినిపిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“మరి కొడుక్కు చూపించినవా?” అని అడిగాను.

“లే. వానితోని పదేండ్లు కొట్లాడిన పంతులూ. ఆర్నెల్ల కింద డీకన్ పట్టం తీస్కున్నడు. ఫాదర్ అయ్యేముందు మెట్టు అది. పెండ్లి చేస్కోనని దేవుని ముంగట ఆ దినమే మాట ఇచ్చిండు. ఇగ వాని బండి పోయింది. పట్టాభిషేకం అయ్యేదాంక దీని గురించి నోరు తెరువనని నేను గూడ వానికి మాటిచ్చిన. అయినంక పంచుత. వాని కోసం కాదు, వాని ఎనుక వచ్చెటోల్ల కోసం.”

ఆ మాట నేను చెవులారా విన్నాను. అయినా ఏం చేశానో చూడండి.

శుభలేఖల ప్రెస్సుల్లో ఒక అలవాటు ఉంది. కార్డుతోపాటు అదే పార్టీకి ఇంకో కాగితం అచ్చయిందంటే అది రిసెప్షన్ చీటీ అయినా కావాలి, ఫంక్షన్ హాలుకు దారి చూపే పటం అయినా కావాలి. ఎవరినీ అడగక్కర్లేదు. కార్డు లోపల పెట్టి, మడిచి, బంగారు రంగు స్టిక్కర్ అతికిస్తారు. అవి మాఘమాసం ముహూర్తాలు. దుకాణంలో నిలబడటానికి చోటు లేదు. నేను ఎవరో పార్టీతో గొంతు చించుకుంటున్నాను. కార్డులు మడిచే అక్క వెనకనుంచి, “అన్నా, గీ కాయిదాలు ఏం జెయ్యాలె?” అని అడిగింది. కాగితం సైజు చూశాను, కార్డు సైజే. పైన ఉన్న పేరు చదవలేదు. “ఒకటే పార్టీ కదమ్మా, లోపల పెట్టెయ్,” అన్నాను.

అంతే. తల తిప్పి మళ్లీ నా జగడంలో పడ్డాను.

కార్డులు తీసుకోవడానికి చర్చి నుంచి ఒక మనిషి ఆటోలో వచ్చాడు. కరపత్రాలు తానే వచ్చి పట్టుకుపోతానని పెద్దాయన ఫోన్‌లో భాయ్‌సాబ్‌కు చెప్పారట. ఆ హడావుడిలో భాయ్‌సాబ్ నాకు చెప్పడం మరిచారు. పెద్దాయనకు నమూనా కార్డు ముందే ఇచ్చేశాం కాబట్టి ఇంట్లో ఆయన తెరిచి చూడాల్సిన అవసరమూ రాలేదు.

పది రోజుల తర్వాత ఆయన నవ్వుతూ వచ్చారు. “నా కాయిదాలు ఇయ్యి పంతులూ, తీస్కపోత,” అన్నారు.

“కార్డుల్లనే పెట్టినం కదన్నా.”

“కార్డుల్ల అంటె?”

“లోపల...” అన్నాను. మాటిచ్చిన సంగతి, పట్టాభిషేకం అయ్యాక పంచుతానన్న సంగతి అన్నీ అప్పుడు గుర్తుకొచ్చాయి.

ఆయన కాగితం రీముల మీద కూలబడ్డారు. “మొన్న పెద్ద ఫాదర్‌కు దండం పెడ్తె మొకం తిప్పుకున్నడు. ఎందుకో అనుకున్న. బిషప్‌గారు పిలిచిండ్రని కొడుకు చెప్పిండు. దేనికిరా అంటె ఏం లేదు బాపూ అన్నడు,” అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. తర్వాత నా వైపు చూశారు. “నా కొడుక్కు మాట తప్పిన పంతులూ.”

“నువ్వు కాదన్నా, నేను.”

“గది వానికెట్ల తెలుస్తది?”

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేనైతే ఆ స్థితిలో దుకాణం పీకి పందిరి వేసేవాణ్ని. ఆయన ఒక్క పరుష మాట అనలేదు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. భాయ్‌సాబ్ నా భుజం మీద చెయ్యి వేసి, “పంతులూ, ఆయనతోని పో. పిలగానికి నువ్వే చెప్పు. తప్పు దుకాణానిదని చెప్పు, నీదని చెప్పకు. మాఫీ నా పేరు మీద అడుగు,” అన్నారు. ఆ పెద్దమనసుకు నేను ఆయనకు ఇప్పటికీ సరిగ్గా దండం పెట్టలేదు.

ఆటోలో చాదర్‌ఘాట్ వంతెన దాటి మలక్‌పేట చేరాం. ఆ అబ్బాయి చర్చి వెనక వరండాలో కూర్చుని ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లుంటాయేమో. తెల్లటి నిలువుటంగీ ఒళ్లో పెట్టుకుని గుండీ కుట్టుకుంటున్నాడు. ఆ సూది చూసి తండ్రి మొహం ఎట్లా అయిందో నేను చెప్పలేను.

నేను ఆగకుండా చెప్పేశాను. ప్రెస్ అలవాటు, మాఘమాసం, మడిచే అక్క, నా నోటిదురుసు, అన్నీ. భాయ్‌సాబ్ చెప్పమన్న అబద్ధం మాత్రం నా వల్ల కాలేదు. “నీ తండ్రి మాట తప్పలేదు బాబూ. నేను తప్పించిన,” అన్నాను.

అతను సూది పక్కన గుచ్చాడు. “కరపత్రం లోపల ఉన్నదని నాకు ఎరుకే సార్,” అన్నాడు.

“ఎరుకా?” అన్నారు తండ్రి.

“మొదటి కార్డు నేనే తెరిసిన బాపూ. బిషప్‌గారికి ఇచ్చేది కదా, లోపల మరక గిట్ల ఉన్నదేమోనని.”

“తెరిసి?”

“చదివిన. మల్ల మడిచి లోపల్నే పెట్టిన.”

“తీసెయ్యకపోయినవ్‌రా!”

“కార్డు మీద పిలిచెటోని పేరు నీదే ఉన్నది బాపూ. నీ పేరు పంచి, నీ మాట తీసి దాసిపెడ్తె నేను నిన్ను పిలిచినట్టా, ఎల్లగొట్టినట్టా?”

తండ్రి వరండా గచ్చు మీద కూర్చున్నారు. “నేను మాట తప్పిననే అనుకున్నవ్ కదా.”

“అనుకున్న. ఒక పూటంత మస్తు బాధైంది. మా బాపు మాట తప్పే మనిషి కాదు కదా, తప్పిండంటె ఎంత నొప్పి ఉన్నదో అనుకున్న. గంత నొప్పిని మడతలల్ల దాసి నేను పట్టం ఎట్ల తీస్కుంట? అందుకే అందరికి ఇచ్చిన.”

విన్నారా? తండ్రి తనను మోసం చేశాడని నమ్మి కూడా, ఆ తండ్రి మాటను తన చేత్తో మూడు వందల ఇళ్లకు మోసుకెళ్లాడు. గుళ్లో పుట్టి గుళ్లో పెరిగినవాణ్ని, భక్తులను చాలామందిని చూశాను. అట్లాంటి మనిషి ముందు నేనెప్పుడూ నిలబడలేదు.

దానికి అతను పడుతున్నదీ తక్కువేం కాదు. ఇంట్లోనే ఒప్పించుకోలేనివాడికి పట్టం దేనికని పెద్ద ఫాదర్లు కొందరు మండిపడ్డారట. మనసులో ఏమాత్రం వెనకాడినా పట్టాభిషేకం ఏడాది ఆపుదాం, బాగా ఆలోచించుకుని ఎల్లుండి వచ్చి చెప్పు అన్నారట బిషప్‌గారు.

“నేనొచ్చి చెప్త. గిది ప్రెస్సోల్ల తప్పని చెప్త,” అని తండ్రి లేవబోయారు.

“లోపల పెట్టింది ప్రెస్సోల్లు. రాసింది నువ్వు. రాయలేదని చెప్తవా?”

ఆయన మళ్లీ గచ్చు మీద కూర్చున్నారు. “చెప్ప,” అన్నారు.

“మరింకేంది బాపూ.” అబ్బాయి తండ్రి పక్కకు జరిగి కూర్చున్నాడు. “నువ్వు రాసిందంత నిజమే. సెమినరీల మేము గూడ గదే చదివినం. నియమం మనుషులు పెట్టిందే, రేపు తీసేసినా తీసేస్తరు. తీసేస్తె చానమంది ఫాదర్ల కోసం నేనే ముందు సంతోషపడ్త. కని బాపూ, తీసేసిన్నాడు గూడ నేను గిట్లనే ఉంట.”

“ఎందుకురా?” ఆ ఒక్క మాటలో పదేళ్ల కొట్లాట ఉంది.

“అమ్మ మంచాన పడ్డప్పుడు రెండేండ్లు నువ్వు యాడికీ పోలే. పెండ్లిళ్లకు పోలే, ఊర్లకు పోలే. ఒక్క మనిషి కాడ బతుకంత పెట్టినవ్. సెలవులకు వచ్చినప్పుడల్ల నేను గుమ్మంల నిలబడి జూసేటోన్ని. నాకు గట్లనే బతకాలనిపించింది. కని నాకు ఒక్కరి పేరు వినపడలే బాపూ. ఎవలు మంచాన పడి పిలుస్తె వాల్ల కాడ ఉండాలనిపించింది. సెమినరీల చేరింది అంతకు ముందే అయినా, నేను నీ పెండ్లిని చూసే ఈడిదాంక వచ్చిన. నీకు ఎదురుగ రాలే.”

నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. భార్య పోయి అధికారం కోల్పోయిన మా నాన్న, భార్యను కంటికి రెప్పలా చూసుకున్న ఈ పెద్దాయన, భార్యే వద్దనుకున్న ఈ పిల్లవాడు, ముగ్గురూ నా కళ్లముందు ఒకే వరుసలో కనబడ్డారు. ఎవరి నియమం గొప్పదో తేల్చేంత బుద్ధి నాకు లేదు. అట్లా చూడటమే నాకు మహాభాగ్యం అనిపించింది.

పెద్దాయన కొడుకు ఒళ్లో ఉన్న అంగీని లాక్కున్నారు. “ఇటియ్యి. వంకర కుట్టినవ్,” అని కుట్టు విప్పి, గుండీని తానే మళ్లీ కుట్టడం మొదలుపెట్టారు. నేను చెప్పకుండా వచ్చేశాను.

ఆ ఎల్లుండి వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. ఏడాది ఆగిందంటే ఆ పాపం పూర్తిగా నాదే. ప్రెస్‌లో ఆ రెండు రోజులూ నేను ఎవరి మీదా అరవలేదు. భాయ్‌సాబ్ భయపడి, తబియత్ బాగుందా అని అడిగారు. మూడో రోజు సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశారు. బిషప్‌గారు అబ్బాయితో మాట్లాడి, తర్వాత తండ్రిని లోపలికి పిలిచి, మీరు ఒప్పుకుంటున్నారా అని అడిగారట.

“ఒప్పుకుంట లేను, అడ్డం గూడ పడుత లేను అన్న. ఆయన చానసేపు నన్నే జూసిండు పంతులూ. ఆకరికి, తేదీ మారది పోండ్రి అన్నడు. నా కరపత్రం చేతికిచ్చిండు. ఎదురు తిరిగి ఏరుపడ్డోల్ల కాడ శతాబ్దం తప్పు పడ్డదట, పెన్సిల్‌తోని దిద్ది ఇచ్చిండు.”

నాకు పట్టరాని సంతోషం వేసింది. అయినా ఫోన్ పెట్టేసి వెంటనే రాతప్రతి తీసి చూశాను. శతాబ్దం రాతప్రతిలోనే తప్పుంది, నా కంపోజింగ్‌లో కాదు. ఆ ముక్క మీకు చెప్పకుండా ఉండలేను.

పట్టాభిషేకానికి భాయ్‌సాబ్, నేను కలిసి వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాం. మధ్యలో ఆ అబ్బాయి చర్చి నేల మీద, చేతులు తలకింద పెట్టుకుని, బోర్లా పడుకున్నాడు. తెల్లటి బట్టల్లో ఒక మనిషి, గచ్చు మీద, కదలకుండా. జనమంతా మోకాళ్ల మీద ఉండి, ఎప్పుడెప్పుడో చనిపోయిన సాధువుల పేర్లు ఒక్కొక్కటే పాడుతూ, మా కోసం ప్రార్థించండి అని వేడుకున్నారు. భాయ్‌సాబ్ నా మోచెయ్యి పట్టుకున్నారు. “యా అల్లా,” అన్నారు మెల్లగా. మనిషి తన బతుకును అట్లా మొత్తంగా తెచ్చి నేల మీద పెట్టేయడం నేను మొదటిసారి చూశాను.

తర్వాత అతను మోకాళ్ల మీద కూర్చుంటే బిషప్‌గారు తల మీద రెండు చేతులు పెట్టారు. వెనక ఫాదర్లందరూ వరుసగా వచ్చి పెట్టారు. ఎవరూ మాట్లాడరు, పాట ఉండదు. మొహం తిప్పుకున్న పెద్ద ఫాదర్ కూడా వచ్చారు. అందరికంటే ఎక్కువసేపు ఆయన చేతులే ఆ తల మీద ఉన్నాయి. అరచేతులకు నూనె రాసి తెల్లటి గుడ్డ చుట్టారు. ఆ గుడ్డను తల్లికి ఇస్తారట. ఆమె పోయినప్పుడు చేతిలో పెట్టి సాగనంపుతారని పక్కాయన చెప్పాడు.

పూజ అయ్యాక కొత్త ఫాదర్ మొదటి దీవెన ఇంటివాళ్లకు ఇస్తాడు. ఆయనకు ఇల్లంటే తండ్రి ఒక్కడే. జనం చుట్టూ మూగారు, మేం కూడా ముందుకు తోసుకెళ్లాం.

“అమ్మది బాపూ,” అని కొడుకు ఆ గుడ్డ చేతికిచ్చాడు.

పెద్దాయన దాన్ని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నారు. “నేను రాసింది ఒక్క అక్షరం గూడ వాపస్ తీస్కోను, ఎరుకేనా?” అన్నారు.

“తీస్కోవద్దు బాపూ.”

“ఎనుక వచ్చెటోల్ల కోసం మల్ల అచ్చేపిస్త.”

“ఏపియ్యి.”

అప్పుడు ఆయన కొడుకు ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. తల వంచారు. “ఇగ దీవించుండ్రి, ఫాదర్,” అన్నారు.

కొడుకు రెండు చేతులూ తండ్రి తల మీద పెట్టాడు. పదేళ్లు చదువుకుని కంఠతా పట్టిన దీవెన అతని నోట ఒక్క ముక్క కూడా రాలేదు. వెనక వరుస పెరుగుతోంది, ఎవరో దగ్గారు. అతను పెదవులు కదుపుతున్నాడు గాని మాట లేదు.

పెద్దాయన తల ఎత్తలేదు. వంచిన తలతోనే, మెల్లగా, “తొందరేం లేదు బిడ్డా. నువ్వు నిమ్మలంగ చెప్పు. నేను ఈడనే ఉన్న,” అన్నారు.